అగ్గువ జాగ... ఎవరికి అగ్గువ?

పట్నంలో నౌకరీ చేసే మనిషికి ఇప్పుడు రెండు రకాల ఫోన్లు తప్పడం లేదు. ఒకటి అప్పు ఇస్తామని, రెండోది జాగ అమ్ముతామని. ఈ రెండో ఫోన్ చేసేవాడు ఎకరాల లెక్క చెప్పడు, గుంటల లెక్క చెపుతాడు. ఔటర్ దాటి గంట ప్రయాణమంటాడు. ఎర్ర నేల అంటాడు. శ్రీగంధం మొక్కలు పెట్టి, చుట్టూ కడీలు పాతి ఇస్తామంటాడు. శని, ఆదివారాల్లో వచ్చి చిన్న మట్టిల్లు కట్టుకొని, కూరగాయలు పండించుకొని, పిల్లలకు పల్లె చూపించమంటాడు. ఇంత అగ్గువకు మళ్లీ దొరకదని చివరన ఒక మాట కలుపుతాడు.

ఈ కలను మేము ఎగతాళి చేయడం లేదు. తెలంగాణ ఉద్యోగుల్లో చాలామంది తమ ఇంట్లో మొదటి తరం జీతగాళ్లు. డిగ్రీ ఫీజు కోసమో, అక్క పెండ్లి కోసమో, బోరు అప్పు కోసమో తండ్రి ఒక ఎకరం అమ్మితే చదువుకున్నవాళ్లు. మూడో అంతస్తు అద్దె ఇంట్లో, ఎదురింటి గోడ తప్ప ఏమీ కనిపించని కిటికీ దగ్గర కూర్చున్నప్పుడు వాళ్లకు వేపచెట్టు కింద నులక మంచం యాదికి రావడం సహజం. రిటైరైన తర్వాతైనా మట్టి వాసన ఉన్న చోట బతకాలనుకోవడం తప్పెట్ల అవుతుంది? సిమెంటు గూడుకు ఇరవై ఏండ్లు కిస్తీలు కట్టే కన్నా, ఊరి దగ్గర ఇంత జాగ కొని తక్కువ ఖర్చులో సొంత ఇల్లు వేసుకోవాలన్న ఆలోచన నిజానికి మంచి ఆలోచనే.

అయితే ఒక ప్రశ్న అడగకుండా పైసలు చేతిలో పెట్టొద్దని మేము అంటున్నాం. ఆ జాగ అగ్గువకు ఎందుకు వస్తున్నది?

నేల ఊరికే అగ్గువ కాదు. దానికి నాలుగే కారణాలు ఉంటాయి. నీళ్లు ఉండవు. లేదా ఎవుసం గిట్టక అప్పు మెడ మీదికొచ్చిన రైతు తెగనమ్ముకుంటాడు. లేదా ఆ నేలకు దారి ఉండదు. లేదా కాగితంలో మెలిక ఉంటుంది. మొదటి మూడు కంటికి కనిపిస్తాయి. నాలుగోది కనిపించదు. ఉద్యోగి పీఎఫ్ డబ్బులు మునిగేది ఎక్కువగా ఈ నాలుగో దాంట్లోనే.

ముందు ధర సంగతి చూద్దాం. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు. ఎకరం 30 లక్షలకు రైతు అమ్మాడనుకుందాం. వెంచర్ వాడు 6 గుంటలు బాటలకు తీసి, మిగిలిన 34 గుంటలు గుంటకు మూడున్నర లక్షల చొప్పున అమ్మితే కోటీ 19 లక్షలు. రైతుకు దక్కింది అందులో నాలుగో వంతు. కొన్న ఉద్యోగి 5 గుంటలకు పదిహేడున్నర లక్షలు పెట్టి అగ్గువకు కొన్నాననుకుంటాడు. అమ్మిన రైతుకు అగ్గువ, కొన్న ఉద్యోగికి పిరం. మధ్యవాడికి మాత్రమే లాభం. పైగా చాలా చోట్ల ఆ 5 గుంటలకు హద్దురాళ్లు కూడా ఉండవు. సర్వే నంబరులో ఇంత వాటా అని మాత్రమే దస్తావేజులో రాస్తారు. రేపు పదిమంది వాటాదారుల్లో ఇద్దరు కొట్లాడుకుంటే నీ 5 గుంటలు ఏ మూల ఉన్నాయో తేల్చడానికి కోర్టుకే పోవాలి.

500 చదరపు మీటర్లు దాటిన జాగనో, ఎనిమిదికి మించిన ఫ్లాట్లనో అమ్మే ప్రాజెక్టు రెరాలో నమోదు కావాలని 2016 చట్టం చెపుతున్నది. ఇండ్ల లేఅవుటుకు బాట, మోరీ, పార్కు వదలాలి, అనుమతి తీసుకోవాలి. వీటన్నిటినీ తప్పించుకునేందుకు కనిపెట్టిన పేరే ఫామ్ ప్లాటు. అమ్మేటప్పుడు ఇల్లు కట్టుకోవచ్చంటారు, అడిగితే వ్యవసాయ భూమి అంటారు. వ్యవసాయ భూమిలో ఇల్లు లేవాలంటే 2006 నాటి నాలా చట్టం కింద మార్పిడి కావాలి, పంచాయతీ అనుమతి కావాలి. ఈ రెండూ లేకుండా కట్టిన మట్టిల్లయినా, మేడ అయినా కాగితం మీద ఇల్లే కాదు.

ఇక కాగితాల మెలిక. తెలంగాణలో భూమి కాగితం ఉత్త కాగితం కాదు, అది డెబ్బై ఎనభై ఏండ్ల కొట్లాట చరిత్ర. నిజాం కాలపు జాగీర్లు, మక్తాలు, ఇనాములు ఈ నేల మీద పొరలు పొరలుగా ఉన్నాయి. సాయుధ పోరాటం జరిగిన గడ్డ మీద 1950లో హైదరాబాద్ కౌలుదారీ చట్టం వచ్చింది. రక్షిత కౌలుదారుకు హక్కు ఇచ్చే 38-ఇ దానిలోదే. వ్యవసాయ భూమి చేతులు మారాలంటే తహసీల్దారు అనుమతి ఉండాలన్న 47వ సెక్షన్ కూడా ఆ చట్టంలోనే ఉండేది. 1969లో, తెలంగాణ పిల్లలు వీధుల్లో తూటాలకు ఎదురొడ్డిన ఏడాదే, ఆ సెక్షన్‌ను ఎత్తేశారు. ఆ తర్వాత పట్నం చుట్టూ భూములకు ఏ గతి పట్టిందో మనందరికీ తెలుసు. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికింది. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల జొన్న వేసుకున్న రైతు కుటుంబాలు ఆ వేలం పాటలో ఎక్కడున్నాయి?

1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇచ్చినప్పుడు భూదానోద్యమం పుట్టింది. పేదల కోసం దానం పోయిన ఆ భూములు అమ్ముకోవడానికి ఇచ్చినవి కావు. ప్రభుత్వం భూమిలేని పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూములను అమ్మడం, కొనడం 1977 నాటి 9వ చట్టం ప్రకారం చెల్లదు. కొన్నవాడికి హక్కు రాదు, అమ్మిన దళితుడికి మళ్లీ నేల దొరకదు. ఏజెన్సీలో 1/70 ఉంది. అక్కడ గిరిజనేతరుడు గిరిజనుడి భూమే కాదు, మరో గిరిజనేతరుడి భూమి కూడా కొనలేడు. గిరిజనుడి పేరు మీద కొని మనం ఉందాం అనే ఉపాయం చెప్పేవాడు ఆ గిరిజనుడికీ, మనకూ ఇద్దరికీ ద్రోహి. జోడేఘాట్‌లో కొమురం భీం దేనికోసం ప్రాణమిచ్చాడో, 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల మీద ఎందుకు తూటాలు పేలాయో తెలిసిన తెలంగాణ బిడ్డ, అడవి పక్కన చల్లటి ఇల్లు కావాలని ఆ నేల మీద చేయి వేయగలడా?

వీటికి తోడు సాదా బైనామాలు. తెల్లకాగితం మీద రాసుకొని, ఊరి పెద్దల ముందు పైసలు ఇచ్చి, ఇరవై ముప్పై ఏండ్లుగా దున్నుకుంటున్న పేదరైతులు లక్షల్లో ఉన్నారు. 2020లో క్రమబద్ధీకరణకు దరఖాస్తులు పెట్టుకొని ఏండ్ల తరబడి ఎదురుచూశారు. పాత పట్టాదారు కొడుకు పట్నంలో ఉంటాడు. కంప్యూటర్‌లో పేరు అతనిదే ఉంటుంది. అతను అమ్ముతాడు, ఉద్యోగి కొంటాడు. రిజిస్ట్రేషన్ సాఫీగా అయిపోతుంది. మొదటి ఆదివారం కారు వేసుకొని పోతే పొలంలో నాగలి పట్టుకొని ఒకాయన నిలబడి ఉంటాడు. ఆయన దొంగ కాదు. చట్టం దృష్టిలో కొన్నవాడూ దొంగ కాదు. కానీ ఇద్దరు బీదవాళ్లు, ఒకరు జీతపు బీద, ఒకరు మట్టి బీద, ఎదురెదురుగా నిలబడి తిట్టుకుంటారు. అమ్మినవాడు, అమ్మించినవాడు అక్కడ ఉండరు.

2020 అక్టోబర్ 29న ధరణి వచ్చినప్పుడు ఒక్క మీటతో భూమి చరిత్ర తేటతెల్లం అవుతుందన్నారు. పట్టాదారు పేరు మిగిలింది, అనుభవదారు కాలమ్ మాయమైంది. సాగు చేసే మనిషి రికార్డులోంచి పోయాడు. ఇప్పుడు ఆ చట్టం రద్దయి 2025 ఏప్రిల్ 14న భూభారతి మొదలైంది. తప్పులు సరిదిద్దే, అప్పీలు చేసుకునే దారి మళ్లీ తెరిచారు. ఇది మంచిదే. అయినా కంప్యూటర్ తెర మీద పచ్చగా కనిపించింది కదా అని నేల మీద అడుగు పెట్టకుండా కొనడం ఆత్మహత్యా సదృశం.

కౌలుదారు గురించి ఇంకొంచెం చెప్పాలి. 2018 మే 10న రైతుబంధు మొదలైనప్పుడు ఎకరానికి పంటకు 4 వేలు పట్టాదారుకే ఇచ్చారు. 2025 జనవరిలో వచ్చిన రైతు భరోసాలో ఏడాదికి 12 వేలు అయినా, ఇచ్చింది పట్టా చూసే. కౌలుకు దున్నేవాడు ఈ లెక్కలో ఎక్కడా లేడు. మనం నాలుగెకరాలు కొని కంచె వేసిన రోజు ఊళ్లో ఒక కౌలుదారు కుటుంబం ఉపాధి పోతుంది. రికార్డులో పేరు లేనందున ఆయనకు పరిహారం ఉండదు, లెక్క ఉండదు, వార్త కూడా ఉండదు. కంచె లోపల మామిడి మొక్కలకు నీళ్లు పోసే వాచ్‌మెన్‌గా ఆయననే పెట్టుకొని, పనిచ్చామని సంతోషపడేవాళ్లూ ఉన్నారు. నిన్నటి దాకా తన పంటకు తానే యజమాని అయినవాడు ఇయ్యాల గేటు తీసి సలాం కొట్టాలి. దొరల గడీల కథలు విని పెరిగిన మనకు ఈ దృశ్యం ఎక్కడిదో గుర్తుకు రావాలి.

నీళ్ల సంగతి మరొకటి. 1908 సెప్టెంబర్‌లో మూసీ పట్నాన్ని ముంచినంక, విశ్వేశ్వరయ్య సూచనలతో 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ కట్టారు. వాటి పైతట్టును కాపాడటానికి 1996 మార్చిలో జీవో 111 వచ్చింది. 10 కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాలు. ఆ గ్రామాల్లో రైతు రెండు గదులు వేసుకోబోతే అడ్డొచ్చిన జీవో, పెద్దల ఫామ్‌హౌసుల గోడలకు అడ్డు రాలేదు. 2022లో ఆంక్షలు సడలించారు, 2023 మేలో మంత్రివర్గం జీవోనే ఎత్తేయాలని నిర్ణయించింది. కాగితం ఎటు తిరిగినా వాననీరు పల్లానికే పోతుంది. ఊరూరా కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువులున్న నేల మనది. ఎండాకాలంలో చూస్తే శిఖం భూమి చదునుగా, అందంగా, అగ్గువగా కనిపిస్తుంది. ఆగస్టులో అది చెరువు. 2024 జూలైలో హైడ్రా ఏర్పడ్డంక పట్నంలో చెరువుల ఎఫ్‌టీఎల్ హద్దుల్లో ఇండ్లు కూలితే ఎవరు ఏడ్చారో చూశాం. లేఅవుటు వేసి పైసలు లెక్కపెట్టుకున్నవాడు ఏడ్వలేదు.

బోరు కూడా అంతే. మన కింద ఉన్నది రాతి నేల. ఆ పగుళ్లలో నిలిచిన నీళ్లే పక్క రైతు వరికీ, మన ఇంటికీ, లాన్‌కీ ఆధారం. బోరు వేయాలంటే 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాలి. అది ఎవరూ అడగరని తెలిసి రాత్రికి రాత్రి వెయ్యి అడుగులు దించితే, పొద్దున పక్క రైతు మోటరు గాలి కక్కుతుంది. వారానికోసారి వచ్చేవాడి పచ్చగడ్డి కోసం రోజూ ఉండేవాడి పంట ఎండడం ప్రత్యామ్నాయ జీవితం ఎట్ల అవుతుంది?

మరి ఇల్లే కట్టుకోవద్దా? కట్టుకోవాలి. ఎట్ల కట్టాలో మన పల్లెకు ముందే తెలుసు. మట్టి మిద్దె, గూన పెంకల ఇల్లు, నడుమ గచ్చు ఉన్న భవంతి, డంగు సున్నపు గోడలు, తాండూరు బండల నేల. వీటిని కట్టింది ఏ ఇంజినీరూ కాదు. రాయి కొట్టిన ఒడ్డెరలు, దూలాలు చెక్కిన వడ్లోళ్లు, గూన కాల్చిన కుమ్మరులు. సిమెంటు వచ్చి ఇంటి ధర పెంచింది, ఈ చేతుల పని తీసేసింది. ఇప్పుడు అదే మట్టిల్లు పట్నం నుంచి ఆర్కిటెక్టు బొమ్మ గీసుకొని వస్తే లక్షలకు పోతున్నది. దాన్ని తరతరాలుగా కట్టినవాడు మాత్రం అడ్డా మీద కూలికి నిలబడి ఉన్నాడు.

1945లో ఇంగ్లండు నుంచి వచ్చి 2007లో తిరువనంతపురంలో కన్నుమూసిన లారీ బేకర్ ఈ విషయంలో మనకు గురువులాంటివాడు. ఇంటికి కావలసిన సామాను అయిదు మైళ్ల చుట్టుకొలతలో దొరకాలని గాంధీ చెప్పిన మాట తన మీద పనిచేసిందని ఆయన చెప్పుకున్నాడు. ఇటుకలను నిలబెట్టి మధ్యలో ఖాళీ వదిలే గోడతో నాలుగో వంతు ఇటుక మిగిల్చాడు, ఎండ వేడినీ తగ్గించాడు. ఆరోవిల్ వాళ్లు వంద పాళ్ల మట్టిలో అయిదు పాళ్ల సిమెంటు కలిపి, యంత్రంతో నొక్కి, కాల్చకుండానే గట్టి ఇటుకలు చేస్తున్నారు. మన ఎర్రమట్టి, మొరం ఇందుకు పనికొస్తాయి. నల్లరేగడి పనికిరాదు. అది వానకు ఉబ్బి ఎండకు పగిలి పునాదినే కదిలిస్తుంది. అగ్గువ అని రేగడి చెలక కొని మట్టిల్లు వేద్దామనుకునేవాళ్లు ఈ ఒక్క సంగతైనా సోయిలో ఉంచుకోవాలి.

అగ్గువ నేల కొనడమే తప్పని ఎవరైనా అంటే, మన పొరుగు సీమలో ఒక ఉదాహరణ చూపిస్తాం. అనంతపురం జిల్లాలో, ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లాలో ఉన్న చెన్నేకొత్తపల్లి దగ్గర 1990 ప్రాంతంలో బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం, వాళ్ల మిత్రులు 32 ఎకరాల బీడు కొన్నారు. టింబక్టు అని పేరు పెట్టుకున్నారు. దేశంలోనే వాన బాగా తక్కువ పడే ప్రాంతం అది. నిప్పు తగలకుండా కాపలా కాశారు. వాననీటిని నిలిపారు. చెట్టు తనంత తాను లేచేదాకా ఓపిక పట్టారు. అంతటితో గేటు వేసుకొని కూర్చోలేదు. చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్ల పొదుపు సంఘాలు, కొర్రలూ సామలూ పండించే రైతుల సహకార సంఘం, పిల్లల బడి లేచాయి. వాళ్లు నేలతో పాటు ఊరి కష్టాన్ని కూడా కొనుక్కున్నారు. అదీ తేడా. అందరమూ అంత చేయలేం. ఊరికి పరాయివాళ్లం కాకుండా ఉండటం మాత్రం అందరికీ సాధ్యమే.

కాబట్టి జాగ కొనాలనుకునే ఉద్యోగ మిత్రులకు మేము చెప్పేది ఇది. బయానా ఇచ్చే ముందు 1954-55 ఖాస్రా పహాణీ నుంచి ఇప్పటిదాకా పేర్లు ఎట్ల మారాయో చూడండి. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు ఉందేమో వెతకండి. ఈసీ తీయండి. ఇనాం భూమి అయితే ఓఆర్‌సీ అడగండి. సర్వేయర్‌తో హద్దులు పెట్టించుకోండి. బాట నక్షాలో ఉందో, నోటిమాటలో ఉందో తేల్చుకోండి. వానాకాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి ఆ నేల మీద నిలబడండి. అన్నిటికన్నా ముందు ఆ ఊరి చాయ్ హోటల్ దగ్గర ఒక గంట కూర్చోండి. ఆ భూమిని ఎవరు దున్నుతున్నారో, ఎందుకు అమ్ముతున్నారో ఏ పోర్టల్ చెప్పని సంగతి అక్కడ చెపుతారు. దున్నేవాడు ఉంటే ఆయన లెక్క తేలనిదే దస్తావేజు మీద సంతకం పెట్టకండి. గుంటల వాటా కన్నా, వీలైతే నలుగురు మిత్రులు కలిసి రైతు దగ్గరే నేరుగా కొనండి. మధ్యవాడికి పోయేది రైతుకు దక్కుతుంది. ఇల్లు వేసేంత జాగకే నాలా చేయించుకొని, మిగిలినది ఎవుసానికే వదలండి. దాన్ని పాత కౌలుదారుకే ఇవ్వండి, భరోసా పైసలు ఆయనకే చేర్చండి. ఇంటి పని ఊరి మేస్త్రీలకు, ఒడ్డెరలకు ఇవ్వండి.

ప్రభుత్వానికి కూడా చెప్పాల్సింది ఉంది. వ్యవసాయ భూమి పేరుతో గుంటలు అమ్మే దందాను రెరా పరిధిలోకి తేవాలి. సాదా బైనామాల పరిష్కారం అయ్యేదాకా ఆ సర్వే నంబర్లలో అమ్మకాలు ఆపాలి. ప్రతి గ్రామంలో చెరువు శిఖం, అసైన్డ్, భూదాన్, ఇనాం, వక్ఫ్, దేవాదాయ భూముల పట్టిక పంచాయతీ గోడ మీద తెలుగులో, పెద్ద అక్షరాల్లో రాయించాలి. సాగు చేసే కౌలుదారుకు గుర్తింపు కార్డు ఇవ్వడానికి 2011లోనే చట్టం చేశారు. దాన్ని అటక మీద నుంచి దించాలి. మట్టిల్లకు బ్యాంకులు అప్పు ఇచ్చేటట్టు చేయాలి. పేదల ఇండ్ల పథకాల్లో స్థానిక సామానుకు, స్థానిక చేతులకు చోటివ్వాలి. ఊరి కుమ్మరి గూన పెంకను ఊరి ఇంటికే ఎక్కించలేని సర్కారు, గ్రామీణ ఉపాధి గురించి ఎన్ని ఉపన్యాసాలిచ్చి ఏం లాభం?

నీళ్లు, నిధులు, నియామకాలు అని మనం కొట్లాడినం. ఆ మూడింటి కింద నాలుగోదిగా ఎప్పుడూ నేల ఉన్నది. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. నేల సంగతి ఇంకా తేలలేదు. నిన్న బయటివాడు మన భూములు మింగాడని మాట్లాడినం, న్యాయమే. ఇయ్యాల కొనేవాడూ మనవాడే, అమ్మేవాడూ మనవాడే, మధ్యలో మింగేవాడు కూడా చాలాసార్లు మనవాడే. అందుకే ఈసారి ప్రశ్న మనల్ని మనమే వేసుకోవాలె. రైతు కడుపు కొట్టకుండా, చెరువు గొంతు నొక్కకుండా, కౌలుదారును వెళ్లగొట్టకుండా నాలుగు మట్టి గోడలు లేపగలిగితే అది ప్రత్యామ్నాయ ఇల్లు. లేకుంటే దాని గోడలు మట్టివైనా, అది గడీయే.